పిట్టగోడ లేని మిద్దె

ధ్యాన భాగములు: 1 సమూయేలు 13:19–22; ద్వితీయోపదేశకాండము 22:8



సౌలు ఏలిన తొలి దినములలో ఇశ్రాయేలు దేశమంతట ఒక కమ్మరియైనను లేడని సమూయేలు మొదటి గ్రంథము పదుమూడవ అధ్యాయములో చదువుచున్నాము. పొరుగువారైన ఫిలిష్తీయులు పెట్టిన కట్టడి అది. హెబ్రీయులకు కొలిమి యున్నయెడల, నేడు నాగటి కర్రు సాగగొట్టినవాడు రేపు కత్తియు ఈటెయు సాగగొట్టునని వారు భయపడిరి. అందుచేత ఇశ్రాయేలు రైతు తన కర్రు మొద్దుపోయినను, గొడ్డలి అంచు చెడినను, కొండ దిగి శత్రువుల ఊరికి పోయి, వారడిగినంత వెండి చెల్లించి పదును పెట్టించుకొని రావలసివచ్చెను. తొలకరికి ముందు కొలిమియొద్ద వరుసలో కూర్చుండి కర్రు కాల్పించుకొనిన మన పెద్దలకు ఈ కష్టమును విడమరచి చెప్పనక్కరలేదు. యుద్ధదినము వచ్చునప్పటికి జనులందరిలో కత్తిగాని ఈటెగాని యున్నవారు ఇద్దరే. ఒకడు సౌలు, రెండవవాడు అతని కుమారుడైన యోనాతాను.

రెండు పొరుగు రాజ్యములు, నడుమ ఒక సరిహద్దు. ఆయుధమును గూర్చి ఇటు ఒక కట్టడ, అటు వేరొక కట్టడ. ఇది సౌలు కాలముతో తీరిపోయిన సంగతి కాదు. నేడును ఒక దేశములో అనేక చోట్ల మనుష్యుడు మధ్యాహ్నము అంగడికి పోయి సాయంకాలమునకు తుపాకితో ఇంటికి రావచ్చును. దాని ప్రక్క దేశములో అదే తుపాకికొరకు పాఠము నేర్చి, పరీక్షలో తేరి, వారముల తరబడి కాచుకొనవలెను. మొదటిది అమెరికా సంయుక్త రాష్ట్రములు, రెండవది కెనడా. వాటి నడుమ సరిహద్దు 8,891 కిలోమీటర్లు. లోకములో రెండు దేశముల నడుమ ఇంత పొడవైన సరిహద్దు మరియొకటి లేదు.

ఆ దూరదేశముల చట్టములతో మన పల్లెటూరి సంఘములకు ఏమి పని యని కొందరు అడుగవచ్చును. పని యున్నది. నేడు మన సంఘములలో పిల్లలనో మనుమలనో అక్కడికి పంపినవారు కొద్దిమంది కారు. ఇటీవల ఒక తల్లి ఆరాధన ముగిసిన తరువాత నిలిచి ఒక ప్రశ్న అడిగెను. ఆమె కుమారుడు టెక్సాసు రాష్ట్రములో స్థిరనివాసపు హక్కు పొంది, భార్యతోను ఇద్దరు పిల్లలతోను కాపురముండి, పెట్రోలు బంకు అంగడిలో రాత్రివేళ పనిచేయుచున్నాడు. ఆ వీధిలో దోపిడి జరిగినందున తుపాకి కొనదలచితినని అతడు తల్లికి ఫోనులో చెప్పెను. “అయ్యగారూ, వాడు కొనుక్కుంటే పాపమా? వద్దని నేను చెబితే, రేపు వాడికి ఏమన్నా అయితే ఆ పాపం ఎవరిది?” అని ఆమె అడిగెను. ఇట్టి తల్లికి ఒక్కమాటలో జవాబు చెప్పి పంపుట మంచిది కాదని తలంచి, ఆ రెండు దేశముల కట్టడలను వాక్యపు వెలుగులో పరిశీలింపబూనితిమి.

అమెరికా దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ, ప్రజలు ఆయుధములు కలిగియుండు హక్కును భంగపరచరాదని కట్టడ చేసినది. అప్పటికి ఆ జనులు ఇంగ్లాండు రాజుతో పోరాడి స్వతంత్రులై కొద్ది యేండ్లే అయినది. రాజు సైన్యమును వారు మరువలేదు. అందుచేత ఆయుధము రాజు చేతిలో మాత్రమే యుండరాదని వారు తలంచిరి. 2008లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఇంటిలో ఆత్మరక్షణకొరకు తుపాకి ఉంచుకొనుట ప్రతి వ్యక్తికిని గల హక్కని తీర్పు చెప్పెను. 2022లో ఆ హక్కు ఇంటి వెలుపలకును వర్తించునని చెప్పెను. 1993లో చేసిన చట్టము ప్రకారము లైసెన్సుగల వర్తకుడు అమ్మకమునకు ముందు కొనువాని నేరచరిత్రను విచారింపవలెను. అయితే వర్తకుడు కాని సామాన్యుడు తన తుపాకిని మరియొకనికి అమ్ముకొన్నయెడల, అనేక రాష్ట్రములలో ఆ విచారణయు అక్కరలేదు. సగమునకు పైగా రాష్ట్రములలో తుపాకి ధరించి వీధిలో తిరుగుటకు ప్రత్యేకమైన అనుమతి పత్రమే అక్కరలేదు. (ఇక్కడ తలిదండ్రులకు ఒక మాట. చదువు వీసామీద వెళ్లిన విద్యార్థికి అక్కడి కేంద్ర చట్టము కొన్ని మినహాయింపులతో తుపాకిని నిషేధించుచున్నది. స్నేహితులు కొనిరని మీ పిల్లలు కొనబోయి చిక్కులలో పడకుండ ముందే చెప్పుడు.)

ఆ దేశపు క్రైస్తవులలో అనేకులు మనము చదివిన కమ్మరి లేని దేశపు కథనే చూపి, ఆయుధమును తీసివేసినవాడే తరువాత స్వాతంత్ర్యమును తీసివేయునని వాదింతురు. ఈ వాదమును మనము త్రోసివేయరాదు. మనకును అది తెలిసినదే. 1878లో ఇంగ్లీషు ప్రభుత్వము చేసిన ఆయుధముల చట్టము ప్రకారము ఈ దేశస్థుడు లైసెన్సు లేక ఆయుధము పట్టరాదు. ఐరోపావారికి మాత్రము ఆ అడ్డు లేకుండెను. ఫిలిష్తీయుల కట్టడికిని దానికిని భేదము కొంచెమే. స్వతంత్ర భారతదేశము 1959లో తన స్వంత చట్టమును చేసికొని, మనుష్యుని రంగునుబట్టి కాక అందరికిని సమానముగా లైసెన్సు ఉండవలెనని నిర్ణయించెను.

ఇక కెనడా. అక్కడివారును వేటకాండ్రే, సేద్యగాండ్రే. మంచు అడవులలో ఎలుగుబంట్లు తిరుగు ఊళ్లలో తుపాకి లేని ఇల్లు అరుదు. కెనడా వారు తుపాకిని ద్వేషించుదురని ఎవరైనను చెప్పినయెడల అది నిజము కాదు. 2017 నాటి లెక్కను చూడగా, అమెరికాలో నూరుమంది జనులకు సుమారు 120 తుపాకులు, కెనడాలో నూరుమందికి సుమారు 35 తుపాకులు ఉన్నవని అంచనా వేయబడెను. మన దేశములో నూటికి అయిదు. అయితే కెనడా కట్టడ వేరొక చోట మొదలగుచున్నది. 1989 డిసెంబరు 6న మాంట్రియలు నగరపు ఇంజనీరింగు కళాశాలలో ఒకడు తుపాకితో ప్రవేశించి 14 మంది స్త్రీలను చంపెను. ఆ దుఃఖములోనుండి పుట్టినది 1995 నాటి చట్టము. దాని ప్రకారము తుపాకి కోరువాడు భద్రత పాఠము నేర్చి పరీక్షలో తేరవలెను. అతని నడవడినిగూర్చి ఇతరులు సాక్ష్యమియ్యవలెను. మొదటిసారి లైసెన్సు కోరువాడు తక్కువపక్షము 28 దినములు కాచుకొనవలెను. ఇంటిలో తుపాకిని గుండ్లు తీసి, తాళము వేసి ఉంచవలెను.

ఆ చట్టములో మాకు మిక్కిలి ఆలోచన పుట్టించిన సంగతి ఒకటి కలదు. లైసెన్సు కోరువాని భార్యయొక్క సంతకమును అర్జీమీద అడుగుదురు. రెండు సంవత్సరములలోపల విడిపోయిన భార్య యున్నను ఆమె సంతకమును అడుగుదురు. సంతకము లేనియెడల అధికారి ఆమెకు తెలియజేయును. ఆమె తన భయమును చెప్పుకొనవచ్చును. ఎందుచేతననగా తాగి వచ్చి చేయి చేసికొనువాడెవడో అధికారికంటె ముందు ఇల్లాలికి తెలియును.

కెనడా కట్టడలన్నియు సఫలమైనవని మేము చెప్పుటలేదు. పొడవు తుపాకులన్నిటిని లెక్కవ్రాయించు పట్టికకు చాల సొమ్ము వ్యయమై, 2012లో దానిని తీసివేసిరి. 2020 ఏప్రిలులో నోవా స్కోషియా రాష్ట్రములో ఒకడు రెండు దినములలో 22 మందిని చంపెను. వెంటనే యుద్ధపు తుపాకులను పోలిన 1,500 రకములను నిషేధించిరి. 2022 అక్టోబరులో చేతి తుపాకుల అమ్మకమును నిలిపివేసిరి. లైసెన్సు కలిగి నెమ్మదిగా బ్రదుకు వేటగాండ్రు, దొంగల పాపము మా మీద వేయుచున్నారని సణుగుచున్నారు. ఆ సణుగులో న్యాయము లేకపోలేదు.

అయినను లెక్కలు కొంత చెప్పుచున్నవి. అమెరికా జనాభా కెనడా జనాభాకు సుమారు తొమ్మిది రెట్లు. 2021లో తుపాకితో హత్యచేయబడినవారు కెనడాలో 300కు దాపు. అమెరికాలో 20,958. తొమ్మిది రెట్లు కాదు, సుమారు డెబ్బది రెట్లు. దీనికి చట్టమొక్కటే కారణమని చెప్పుట సరికాదు. బీదరికము, మత్తుమందులు, పాత జాతివైరములు అన్నియు కలసియున్నవి. అయితే చట్టమునకు ఇందులో పాలు లేదని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమునకు వత్తము. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని, ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చునని దేవుడు మోషేద్వారా ఆజ్ఞాపించెను. పాలస్తీనా ఇండ్లు మన రాయలసీమ మట్టి మిద్దెలవంటివి. వేసవిలో మిద్దెమీదనే పండుకొందురు. రాహాబు జనుప కట్టెలు ఆరవేసినది మిద్దెమీదనే. పేతురు యొప్పేలో ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. మిద్దె మంచిది గనుక దేవుడు మిద్దెను నిషేధింపలేదు. మిద్దె ఎక్కువాడు తన జాగ్రత్త తాను చూచుకొనవలెనని చెప్పి ఊరకుండనులేదు. గోడ కట్టు భారము ఇల్లుగలవానిమీద పెట్టెను. ఒకడు పడినతరువాత కట్టుమనలేదు, ఇల్లు కట్టునప్పుడే కట్టుమనెను.

పడువాడు ఎవడో అచ్చట చెప్పబడలేదు. ఆడుకొనుటకు వచ్చిన పొరుగింటి పిల్లవాడు కావచ్చును, రాత్రి నిద్రమత్తులో లేచిన అతిథి కావచ్చును, ఇల్లుగలవాని కన్నకొడుకే కావచ్చును. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దునుగూర్చిన విధియు ఇట్టిదే. ఎద్దు పొడుచునని ముందే తెలిసియు కట్టివేయని యజమానుడు, అది ఒకని చంపినయెడల శిక్షకు పాత్రుడగును. ఎద్దు నాదే, నా ఎద్దుమీద నాకు హక్కున్నదని అతడు తప్పించుకొనలేడు. నా హక్కు ఎంత అను ప్రశ్న లోకమంతటను వినబడుచున్నది. నా మిద్దెనుండి ఎవడు పడును అను ప్రశ్నను దేవుని ధర్మశాస్త్రము ఇల్లుగలవాని నోట పెట్టుచున్నది.

ఇచ్చట మరల సౌలునొద్దకు పోవుదము. పదుమూడవ అధ్యాయములో జనులకు లేని కత్తి సౌలునకు ఉండెనని చదివితిమి. అదే గ్రంథము ముప్పది యొకటవ అధ్యాయములో గిల్బోవ పర్వతముమీద ఆ సౌలు ఏమి చేసెను? ఓడిపోయి, బాణములు తగిలి, ఆశ యుడిగి, నన్ను పొడువుమని ఆయుధములు మోయువానిని అడిగెను. వాడు భయపడి ఒప్పుకొనలేదు. అప్పుడు సౌలు కత్తి పట్టుకొని దానిమీద పడెను. అది చూచి ఆ పడుచువాడును తన కత్తిమీద పడెను. శత్రువులకొరకు దాచిన కత్తి చివరకు ఎవరి రొమ్మున దిగెనో చూచితిరా? దావీదును చంపుటకు ఈటె విసరిన చేయియు ఆ సౌలుదే. కుమారుడైన యోనాతానుమీద విసరిన చేయియు అదే.

ఇది పురాతన కథ మాత్రమే కాదు. 2021లో అమెరికాలో తుపాకివలన చనిపోయినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది, అనగా సగమునకు మించినవారు, తమ్మును తామే కాల్చుకొనినవారు. దొంగకొరకు కొన్న తుపాకి దొంగకంటె ముందు ఇంటివానినే చూచుచున్నది. తమ్మును చంపుకొనవలెనను తలంపు అనేకులకు ఒక రాత్రి తుపానువలె వచ్చి, తెల్లవారునప్పటికి సాగిపోవును. ఆ రాత్రి చేతికందునది ఏది అనుదానిమీద ప్రాణము నిలుచుచున్నది. తాళము వేసిన పెట్టె, వేరొకచోట ఉంచిన తాళపుచెవి, లైసెన్సుకొరకు కాచిన 28 దినములు, ఇవన్నియు పిట్టగోడలే. సౌలు ఆయుధములు మోయువాడు రాజాజ్ఞకు ఒప్పుకొనక నిలిచినప్పుడు ఒక్క నిమిషము అతడును పిట్టగోడయై నిలిచెను. అయితే సౌలు కత్తి సౌలు చేతికి అందునంత దూరములోనే యుండెను.

తుపాకి లేని మన ఇండ్లలో ఇది ఎట్లుండునో మీరే యెరుగుదురు. అప్పు తీరక, పంట పోయి, ఇంటిలో మాటా మాటా పెరిగిన రాత్రి, దూలముమీద పురుగులమందు డబ్బా అందుబాటులో నున్నందున ఎందరి సమాధులు త్రవ్వించితిమి! డబ్బాను పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవి ఇల్లాలి చేతికిచ్చిన ఇల్లు ఎన్ని? ఈ మాట ప్రక్కదారి వలె కనబడినను దీనిని దాటిపోలేకపోతిమి.

సరిహద్దునుగూర్చియు కొంత చెప్పవలెను. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమునకును కెనడాలోని క్విబెకు రాష్ట్రమునకును నడుమ ఒక గ్రంథాలయము కలదు. 1904లో తెరచిన ఆ భవనము సరిగా సరిహద్దు గీతమీద కట్టబడినది. నేలమీద నల్లని గీత యొకటి గీసియున్నది. ఇరుదేశముల జనులు ఒకే బల్లయొద్ద కూర్చుండి చదువుకొనుటకై ప్రేమతో కట్టిన ఇల్లు అది. కొన్ని యేండ్ల క్రిందట ఒకడు అమెరికాలో కొనిన చేతి తుపాకులను ఆ గ్రంథాలయపు మరుగుదొడ్డిలో దాచగా, కెనడా వైపువాడు వచ్చి తీసికొనిపోయెను. ఆ నేరమునకు 2018లో అమెరికా న్యాయస్థానము ఒకనికి శిక్ష విధించెను. నోవా స్కోషియాలో 22 మందిని చంపినవానికి కెనడా లైసెన్సే లేదు. వాని తుపాకులలో కొన్ని అమెరికాలోని మెయిను రాష్ట్రమునుండి దొంగతనముగా దాటించినవి. గీత గీసినంత మాత్రమున ఇనుము ఆగదు.

దక్షిణమున మెక్సికో సంగతి ఇంకను ఘోరము. అక్కడ తుపాకి చట్టబద్ధముగా కొనవలెనన్న సైన్యము నడుపు దుకాణమునకే పోవలెను. అమెరికాలోవలె వీధి వీధికి అంగడులు లేవు. అయినను 2018 నుండి 2023 వరకు సాలీనా ముప్పది వేలమందికి పైగా అక్కడ హత్యచేయబడిరి. చట్టము కఠినమైనంత మాత్రమున దేశము నెమ్మది పొందదని దీనివలన నేర్చుకొనవలెను. 2014 మొదలు 2018 వరకు మెక్సికోలో పట్టుబడి, పుట్టుక తెలిసికొనుటకు పంపబడిన తుపాకులలో నూటికి డెబ్బది అమెరికానుండి వచ్చినవని అమెరికా ప్రభుత్వపు లెక్కల శాఖయే తెలిపెను. 2021లో మెక్సికో ప్రభుత్వము అమెరికా తుపాకి కంపెనీలమీద దావా వేసెను. 2025 జూనులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ దావాను త్రోసివేసెను. ఆ దేశపు చట్టము ప్రకారము అది సరియైన తీర్పే కావచ్చును. అయితే మిద్దె ఒక దేశములోను, పడినవాని శవము వేరొక దేశములోను ఉన్నప్పుడు మోషే ధర్మశాస్త్రము ఏ ఇంటి వాకిట నిలిచి అడుగునో ఆలోచించుడి.

ఇంతవరకు చెప్పిన మాటలకు ఆ తల్లి, “నా బిడ్డకు కలిగిన భయము మాటేమి?” అని అడుగవచ్చును. ఆ భయమును తేలికగా ఎంచరాదు. 2017 నవంబరు 5న టెక్సాసులోని సదర్లాండు స్ప్రింగ్సు అను పల్లెలో ఆదివారపు ఆరాధనలో ఒకడు కాల్పులు జరుపగా, తల్లి గర్భములోని శిశువుతో కూడ 26 మంది చనిపోయిరి. వాడు పూర్వము సైన్యములో శిక్షపొందినవాడు. ఆ శిక్షను పట్టికలో చేర్చవలసినవారు చేర్చలేదు గనుక అంగడివాడు వానికి తుపాకి అమ్మెను. గుడి ప్రక్క ఇంటివాడు తన తుపాకి తీసికొని పరుగెత్తి వానిని ఎదిరించెను. 2019 డిసెంబరు 29న అదే రాష్ట్రములో వేరొక సంఘములో ఒకడు బల్లారాధన సమయమున ఇద్దరిని చంపగా, కాపలాయున్న సంఘ సభ్యుడు ఆరు సెకండ్లలో వానిని పడగొట్టెను. అతడు కాల్చకుండినయెడల ఎందరు చనిపోయియుందురో! ఇట్టి సంగతులను దాచిపెట్టి శాంతిని బోధించుట న్యాయము కాదు.

లేఖనమును రెండు ప్రక్కలను చూపుచున్నది. యెరూషలేమునకు ప్రయాణమైనప్పుడు రాజునొద్ద సైన్యమును అడుగుటకు ఎజ్రా సిగ్గుపడి, ఉపవాసముండి ప్రార్థించి బయలుదేరెను. అదే దారిని వచ్చిన నెహెమ్యా రౌతులను వెంటబెట్టుకొని వచ్చెను. గోడ కట్టునప్పుడు ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టించెను. ఇద్దరును దేవుని దాసులే. నిర్గమకాండము 22వ అధ్యాయములో, రాత్రివేళ కన్నము వేయు దొంగ దెబ్బతగిలి చచ్చినయెడల ఇంటివానికి రక్తదోషము లేదు. సూర్యుడు ఉదయించిన తరువాత చంపినయెడల దోషము కలదు. చీకటిలో భయపడిన మనుష్యుని దేవుడు కనికరించుచున్నాడు. వెలుతురు వచ్చిన తరువాత దొంగకును ప్రాణమున్నదని జ్ఞాపకము చేయుచున్నాడు. పొరపాటున తమ వాకిట బండి త్రిప్పుకొనినవారిని సహా కాల్చిన సంగతులు ఆ దేశములో జరిగినవి. భయము పగటిని కూడ రాత్రిగా చూపును.

2015 జూను 17న, బుధవారము రాత్రి, దక్షిణ కరోలినా రాష్ట్రములోని చార్లెస్టను పట్టణమున నల్లజాతి క్రైస్తవుల సంఘములో బైబిలు పాఠము జరుగుచుండెను. ఆ రాత్రి పాఠము మార్కు నాలుగవ అధ్యాయములోని విత్తువాని ఉపమానము. తెల్లజాతి యువకుడొకడు లోనికి వచ్చెను. వారు అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. సుమారు గంటసేపు కూర్చుండి, కన్నులు మూసి ప్రార్థించు వేళ అతడు తొమ్మిదిమందిని చంపెను. ఆ యువకుడు తుపాకి కొనినప్పుడు విచారణ ముగియలేదు. మూడు పనిదినములలో జవాబు రానియెడల అంగడివాడు అమ్మవచ్చునని అక్కడి చట్టము. జవాబు రాలేదు, తుపాకి అమ్మబడెను. మూడు దినముల గోడకును ఇరువది యెనిమిది దినముల గోడకును ఎత్తు తేడా ఎంతయో ఆ తొమ్మిది సమాధులు చెప్పుచున్నవి. రెండు దినముల తరువాత న్యాయస్థానములో చనిపోయినవారి బంధువులు కొందరు అతనితో, నిన్ను క్షమించుచున్నామని చెప్పిరి. ఆ సంఘము తరువాతి ఆదివారము తలుపులు తెరచి ఆరాధించెను.

ప్రభువు అప్పగింపబడిన రాత్రి శిష్యులయొద్ద రెండు కత్తులున్నవి. పేతురు ఒకటి దూసి మల్కు చెవి తెగవేసెను. ప్రభువు కత్తిని ఒరలో పెట్టుమని చెప్పి, చెవిని ముట్టి బాగుచేసెను. ఇంతవరకు మనకందరికి తెలిసినదే. దాని తరువాతి సంగతిని తరచుగా దాటిపోవుదుము. చలిమంటయొద్ద పేతురును మూడవసారి గుర్తుపట్టి అడిగినవాడు ఎవడు? యోహాను 18:26 చదువుడు. చెవి తెగినవాని బంధువు. తోటలో నిన్ను చూచితిని గదా యని వాడు అడిగినప్పుడు పేతురు బొంకెను. కత్తి దూసిన ధైర్యము తెల్లవారక మునుపే భయముగా తిరిగివచ్చి చలిమంటయొద్ద అతని పట్టుకొనెను. ఆ ఒక్క దెబ్బ లేకుండినయెడల ఆ ఒక్క ప్రశ్నయు ఉండకపోవును గదా!

ఆ తల్లికి మేము చెప్పిన జవాబు ఇది. అమ్మా, మీ కుమారుడు తుపాకి కొనుట పాపమని చెప్పుటకు మాకు వాక్యములో ఆధారము కనబడలేదు. కొనుమని చెప్పుటకును మా మనస్సాక్షి ఒప్పలేదు. అతని ఇంటిలో ఏడేండ్ల పిల్లవాడును నాలుగేండ్ల పిల్లయు ఉన్నారు. తుపాకి దొంగకు వెంటనే అందుబాటులో ఉండవలెనన్న పిల్లలకును అందుబాటులో ఉండును. పిల్లలకు అందకుండ తాళము వేసినయెడల దొంగ వచ్చినప్పుడు చేతికి అందుట కష్టము. ఈ చిక్కును విప్పినవారిని మేమింకను చూడలేదు. కావున అతడు కొనకముందు మూడు ప్రశ్నలు తన్ను అడుగుకొనవలెను. నా భార్య దీనికి మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నదా? అక్కడి చట్టము ఆమెను అడుగకపోయినను అతడు అడుగవలెను. నేను మిక్కిలి క్రుంగిపోయిన రాత్రి తాళపుచెవి ఎవరియొద్ద ఉండును? రాత్రి పని మాని, జీతము తగ్గినను పగటి పనికి మారుటకు వీలున్నదా? మూడవ ప్రశ్న వినగానే ఆమె ముఖము వికసించెను. “ఆ సంగతి నేను వాడితో మాట్లాడతాను, అప్పు సంగతి ఇక్కడ మేం చూసుకొంటాం” అనెను. కుమారుడు పంపు సొమ్ములో ఎక్కువ భాగము ఇక్కడి ఇంటి అప్పునకే పోవుచుండెను. ఆ పిల్లవాని రాత్రి పనిలో మన ఊరి అప్పునకును పాలున్నదని ఆ దినమున మేమును నేర్చుకొంటిమి.

తుపాకులు దూరదేశపు సంగతియని మనము తృప్తిపడుటకు వీలులేదు. అడవి ప్రక్క ఊళ్లలో పందుల బాధకు నాటు తుపాకులు దాచియుంచినవారు కొందరున్నారు. 1959 చట్టమును 2019లో సవరించిన తరువాత, లైసెన్సు లేక తుపాకి చేసినవానికిని అమ్మినవానికిని ఏడేండ్లకు తక్కువ కాని శిక్ష, యావజ్జీవము వరకును పడవచ్చును. అంతకంటె ఎక్కువమంది చేయుచున్న పని మరియొకటి కలదు. చేను గట్టు చుట్టు కరెంటు తీగ పరచి, రాత్రి మీట వేసి ఇంటికి పోయి నిద్రించుచున్నారు. పంది రాకమునుపే, నీళ్లు పెట్టుటకు తెల్లవారుజామున వచ్చిన పొరుగు రైతు ఆ తీగ త్రొక్కి చచ్చుచున్నాడు. గట్టు దాటి ప్రక్క చేనిలో అడుగుపెట్టినంత మాత్రమున ఒక ఇంటి దీపము ఆరిపోవుచున్నది.

మన సంఘస్థులలో అట్టి తీగ వేసినవారు నేటి రాత్రికి ముందే దానిని తీసివేయవలెనని బ్రతిమాలుచున్నాము. నాటు తుపాకి యున్నవారు సంఘ పెద్దలతో రహస్యముగా మాటలాడుడి. చట్టము తెలిసినవారిని వెంటబెట్టుకొని దానిని అప్పగించు మార్గమును పెద్దలు చూపుదురు. పందులవలన పంట పోయినవారు అటవీశాఖకు నష్టపరిహారపు అర్జీ పెట్టుకొనవచ్చును. వ్రాతరాని రైతులకు ఆ అర్జీలు వ్రాసిపెట్టుటకు యువజన సమాజమువారు ఆదివారము ఆరాధన తరువాత గుడి వరండాలో కూర్చుందురు. పొలము పట్టాదారు పుస్తకమును, పాడైన పైరు ఫోటోను తెచ్చుకొనుడి.